కనబడని బాధకు ప్రమాణమేది?

తర్కశాస్త్రం చదవబోయే విద్యార్థి చేతికి మొట్టమొదట వచ్చే తర్కసంగ్రహంలో, తెలుగువాడైన అన్నంభట్టు దుఃఖాన్ని ఒక్క చిన్న వాక్యంలో నిర్వచించాడు: ఎవరికైనా సరే ప్రతికూలంగా అనుభవంలోకి వచ్చేది దుఃఖం. మనిషికి ఒక లక్షణం, పశువుకు వేరొక లక్షణం చెప్పవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు, ఎందుకంటే న్యాయవైశేషికుల దృష్టిలో దుఃఖం ఆత్మకు చెందిన గుణం, ఆ ఆత్మ చీమలోనూ ఉంది, ఏనుగులోనూ ఉంది. అయితే ఆ శాస్త్రమే మరొక మాట కూడా చెబుతుంది. దుఃఖం మనస్సు అనే లోపలి ఇంద్రియానికి మాత్రమే ప్రత్యక్షమవుతుంది, ఎవరి దుఃఖం వారి మనస్సుకే అందుతుంది కనుక, ఎదుటి ప్రాణి దుఃఖం తెలియాలంటే అనుమానం తప్ప దారి లేదు. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు, కనబడే గుర్తును పట్టుకొని దాని వెనుకనున్న కనబడని విషయాన్ని నిర్ణయించడం. మనిషి విషయంలో ఈ కష్టాన్ని భాష చాలావరకు తీరుస్తుంది, నొప్పిగా ఉందని అతడు నోటితో చెబితే అదే శబ్దప్రమాణం అవుతుంది. నోరులేని జీవం విషయంలో ఆ ప్రమాణం మొదటి నుంచీ లేదు. పైకి గుర్తులు కూడా సరిగా ఇవ్వకుండా బాధను లోపల దాచుకొనే పశువు ఎదురైనప్పుడు సాకేవాడి ధర్మం ఏమిటి, అహింస అంటే కొట్టకపోవడమేనా, లేక తెలుసుకోవడం కూడా అందులో భాగమా అన్నది విచారించవలసిన ప్రశ్న.

దీన్ని ఐరోపా తత్త్వచర్చలో నలిగిన ప్రశ్నతో కలపకూడదు. 1637లో వెలువడిన తన గ్రంథంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్, భాష లేదు కనుక జంతువులో ఆలోచించే ఆత్మ లేదని వాదించి, దాని చేష్టలను గడియారపు చక్రాల కదలికతో పోల్చాడు. జంతువుకు అసలు నొప్పి ఉందా లేదా అన్న వివాదం అక్కడ ఎన్నో తరాలు సాగింది. ఇక్కడి దర్శనాలకు ఆ సందేహం పెద్దగా లేదు. బ్రహ్మసూత్ర భాష్యానికి పీఠికగా శంకరులు రాసిన అధ్యాస భాష్యంలో, కర్ర ఎత్తిన మనిషిని చూసి పశువు పారిపోతుందనీ, చేతిలో పచ్చగడ్డి పట్టుకున్నవాడి దగ్గరకు వస్తుందనీ, లోకవ్యవహారంలో పండితుడు చేసేది కూడా ఇంతకంటే వేరు కాదనీ చెప్పిన ఘట్టం ప్రసిద్ధమే. జైనుల ఆచారాంగ సూత్రం ఇంకా ముందుకు వెళ్ళి, గుడ్డివాడిని గాయపరిస్తే ఆ గాయాన్ని అతడు చూడలేకపోయినా నొప్పి నొప్పే అయినట్లు, నొప్పిని ఏ విధంగానూ వెల్లడించలేని, మట్టే శరీరంగా గల భూకాయ జీవులకు కూడా బాధ ఉంటుందని బోధిస్తుంది. కాబట్టి గోదావరి గడ్డ మీద పొరపాటు సిద్ధాంతంలో జరగదు, అన్వయంలో జరుగుతుంది. పశువులకు నొప్పి ఉంటుందని నిస్సందేహంగా ఒప్పుకొనే గృహస్థుడే తన పాకలోని ఈ గేదెకు ఈ పూట నొప్పిగా ఉందన్న సంగతిని గుర్తించడు.

గుర్తుకూ నిర్ణయానికీ మధ్యనున్న సంబంధాన్ని అందరికంటే నిశితంగా పరీక్షించిన ఆచార్యుడి పేరు ఈ ప్రాంతంతోనే ముడిపడి ఉండటం గమనించదగినది. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్, వేంగీనగరానికి నైరుతి దిక్కున ఒంటరిగా నిలిచిన ఒక కొండను పేర్కొని, దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని రచించినది అక్కడేనని రాశాడు. ఆ వేంగి నేటి ఏలూరు జిల్లాలోని పెదవేగి. హేతువిద్య అంటే సరైన గుర్తును సరికాని గుర్తు నుంచి వేరు చేసే శాస్త్రం. గుర్తుకు, అంటే హేతువుకు, మూడు లక్షణాలు ఉండాలని దిఙ్నాగుడి నిర్ణయం. తేల్చవలసిన చోట అది ఉండాలి, అటువంటి ఇతర చోట్ల కూడా కనిపించాలి, ఆ విషయం లేని చోట మాత్రం కనిపించకూడదు. కొండ మీది పొగ వల్ల నిప్పును ఊహించడం తార్కికులకు అలవాటైన ఉదాహరణ కాగా, పశువుల పాకలో ఇదే పరీక్ష చాలా కష్టమవుతుంది. గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టకపోవడం నొప్పికి గుర్తు కావచ్చు, కానీ ఎద వల్ల కావచ్చు, మే నెల వడగాలి వల్ల కావచ్చు, తవుడు ముక్కిపోయి ఉండవచ్చు. నొప్పి లేని చోట కూడా కనిపించే ఇలాంటి గుర్తును తార్కికులు అనైకాంతిక హేతువు అంటారు, అంటే ఒక్క వైపుకే కట్టుబడి ఉండని గుర్తు. విడివిడిగా తీసుకుంటే పశువు ఇచ్చే గుర్తుల్లో చాలా భాగం ఈ కోవకే చెందుతాయి, కొన్ని కలిసి వచ్చినప్పుడే వాటికి బలం చేకూరుతుంది.

తీగముక్కనో మేకునో మేతతో పాటు మింగిన ఆవును ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. పశువు మేతను ఏరుకొని తినదు, నాలుకతో చుట్టి లోపలికి లాక్కుంటుంది కనుక ఎండుగడ్డిలో కలిసిన ఇనుపముక్క సులువుగా పొట్టలోకి చేరి, నాలుగు అరల పొట్టలో రెండవదైన తేనెపట్టు అరలో దిగి, గోడను చీల్చుకొని గుండె వైపు సాగుతుంది. ఇంత జరుగుతున్నా ఆ ఆవు అరవదు. చూపు తెలిసిన రైతుకు మాత్రం కొన్ని సంగతులు కనిపిస్తాయి. అది నడుము కొద్దిగా పైకి వంచి నిలబడుతుంది. ముందుకాళ్ళ మోచేతులను ఛాతీకి తగలకుండా ఎడంగా పెడుతుంది. పడుకోవడానికి సందేహిస్తుంది, లేచేటప్పుడు సన్నగా మూలుగుతుంది. కాలవగట్టు ఎక్కినంత సులువుగా దిగదు, ఎందుకంటే దిగేటప్పుడు పొట్టలోని బరువంతా ముందుకు జరుగుతుంది. నెమరు తగ్గి, మధ్యమధ్య పళ్ళు కొరుకుతుంది. పశువైద్యుడు మూపు మీద చర్మాన్ని పట్టి గట్టిగా నొక్కితే మామూలు ఆవు వెన్నును కిందికి దించుతుంది, ఈ ఆవు దించకుండా బిగదీసుకుంటుంది. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను ప్రమాణం కాదు. అన్నీ ఒకే పశువులో చేరినప్పుడు మాత్రం దిఙ్నాగుడి మూడవ నియమం దాదాపుగా నెరవేరుతుంది, నొప్పి లేని ఆవులో ఇవన్నీ ఒక్కసారిగా కనిపించే అవకాశం లేదు.

గుర్తు ఉన్నప్పుడు ఏమనాలో ఇంతవరకు చూశాం. గుర్తు లేనప్పుడు ఏమనాలన్నది అసలు చిక్కు, సాకేవారిలో చాలామంది పొరపడేది ఇక్కడే. మేస్తూనే ఉంది, పాలు ఇస్తూనే ఉంది, కాబట్టి దానికి ఏమీ లేదు అన్న మాట ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. ఈ వాదాన్ని శాస్త్రభాషలో చెబితే, నొప్పి కనిపించలేదు కనుక నొప్పి లేదు అన్నట్లు. కనిపించకపోవడాన్ని, అంటే అనుపలబ్ధిని, అభావానికి ప్రమాణంగా భాట్ట మీమాంసకులూ ధర్మకీర్తి వంటి బౌద్ధులూ వేర్వేరు రీతుల్లో ఒప్పుకున్నారు, కానీ ఇద్దరూ ఒక గట్టి షరతు పెట్టారు. కనిపించడానికి యోగ్యమైన వస్తువు కనిపించనప్పుడే అది లేదని చెప్పవచ్చు. నేల మీద కుండ ఉంటే కనిపించి తీరేది, కనిపించలేదు కాబట్టి లేదు. చెట్టు మీద పిశాచం ఉన్నా కనిపించేది కాదు, కాబట్టి కనిపించలేదన్నంత మాత్రాన లేదని తేలదు. ఎదుటి ప్రాణి నొప్పి, ఇంతకుముందు చెప్పినట్లు, స్వభావరీత్యా ప్రత్యక్షానికి యోగ్యం కాదు. అందుచేత అది కనిపించలేదన్న మాటకు ఎంత నిజాయతీ ఉన్నా ప్రామాణ్యం లేదు. ఈ న్యాయాన్ని ఒప్పుకుంటే ఋజువు చేసే భారం తలకిందులవుతుంది. నొప్పి ఉందని పశువు నిరూపించనక్కరలేదు, నొప్పి లేదనడానికి తాను తగినంత వెతికానా అన్నది సాకేవాడు తేల్చుకోవాలి. ఈ వ్యాసం నిలబడేది ఈ ఒక్క వాదం మీదనే.

గేదె, ఆవు, మేక, కోడి వంటివి నొప్పిని ఎందుకు దాస్తాయన్న ప్రశ్నకు జీవశాస్త్రం ఇచ్చే సమాధానం తెలిసినదే. వేటాడే మృగానికి ఆహారమయ్యే జాతుల్లో కుంటినది, మందలో వెనుకబడినది ముందుగా బలి అవుతుంది కనుక, బలహీనతను బయటపెట్టని జీవులే బతికి సంతానాన్ని మిగిల్చాయి. పిల్లి తాను వేటాడే జంతువే అయినా తనకంటే పెద్దవాటికి వేట కూడా కావడం వల్ల దాపరికంలో వీటన్నిటినీ మించింది.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో చెప్పిన ఆత్మౌపమ్యం, అంటే సర్వత్ర తనతో పోల్చుకొని సుఖదుఃఖాలను సమంగా చూడడం, ఈ విషయంలో తరచుగా ఉదహరించబడుతుంది. అది గొప్ప సూత్రమే, కానీ దాన్ని వాడడంలో ఒక మెలకువ అవసరం. దుఃఖం విషయంలో తనతో పోలిక సరైనది, దుఃఖం బయటపడే తీరు విషయంలో అదే పోలిక దారి తప్పిస్తుంది. మనిషి నొప్పి పుడితే మూలుగుతాడు, కాబట్టి మూలగని కుక్కకు నొప్పి లేదనుకోవడం, మనిషి హాయిగా ఉంటే కూనిరాగం తీస్తాడు, కాబట్టి గుర్రుగుర్రుమంటున్న పిల్లి సుఖంగా ఉందనుకోవడం ఈ తప్పు పోలిక ఫలితాలే, ఎందుకంటే తీవ్రమైన బాధలో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుందని పశువైద్యులకు బాగా తెలుసు. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో పెరుగుతున్న పిల్లి ఒకప్పుడు ఒక్క గెంతులో ఫ్రిజ్ ఎక్కేది, ఇప్పుడు ముందు కుర్చీ ఎక్కి, అక్కణ్ణుంచి బల్ల ఎక్కి, ఆ తరువాతే పైకి చేరుతుంది. వీపు వెనక భాగాన్ని నాక్కోవడం మానడంతో అక్కడి బొచ్చు ఉండలు కడుతుంది. ఇసుక తొట్టి అంచు దాటలేక దాని పక్కనే మూత్రం పోసి తిట్లు తింటుంది. 2002లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశీలనలో పన్నెండేళ్ళు దాటిన పిల్లుల్లో నూటికి తొంభైకి ఎక్స్‌రేలో కీళ్ళ అరుగుదల కనిపించింది. ఇంటివారు మాత్రం ‘ముసలిదైపోయింది’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. వయసు రోగం కాదు, కీళ్ళ అరుగుదల రోగం. మొదటిదాన్ని కారణంగా చెప్పుకున్నాక రెండవదాన్ని వెతకవలసిన పని మిగలదు కనుకనే ఆ మాట అంత సౌకర్యంగా ఉంటుంది.

చిన్న గుర్తులను కొలతకు అందించే ప్రయత్నం ఇటీవలి కాలంలో శాస్త్రబద్ధంగా జరిగింది. 2010లో ఎలుకలకూ, 2014లో గుర్రాలకూ, 2019లో పిల్లులకూ ముఖకవళికల ఆధారంగా నొప్పిని అంచనా వేసే పట్టికలు ప్రచురితమయ్యాయి. పిల్లి విషయంలో చెవులు ఒకదానికొకటి దూరమై బయటికి తిరగడం, కళ్ళు ముకుళించుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారు కావడం, తల భుజాల కంటే కిందికి వాలడం అన్న ఐదింటికి మార్కులు వేస్తారు. కణాదుడి వైశేషిక సూత్రాలు శరీరంలో ఆత్మ ఉందనడానికి గుర్తులుగా చెప్పినవాటిలో ఉచ్ఛ్వాస నిశ్వాసాలు, రెప్ప మూయడం తెరవడం కూడా ఉన్నాయన్న సంగతి ఇక్కడ స్ఫురించక మానదు. నేటి పశువైద్యుడు నిమిషానికి శ్వాసలు లెక్కపెట్టి, కనురెప్ప ఎంత మూసుకుందో చూసేది వేరొక ప్రయోజనం కోసమే అయినా, లోపలిదాన్ని బయటి కదలికతో పట్టుకోవాలన్న పద్ధతి మాత్రం అదే.

ఇంత చెప్పాక, గమనించే చూపు ఉంటే చాలు, దయ దానంతట అదే వస్తుందన్న అభిప్రాయం కలగవచ్చు. గోదావరి జిల్లాలే దీనికి గట్టి ఎదురు సాక్ష్యం ఇస్తాయి. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం పరిసరాల్లోనూ కోనసీమలోనూ బరిలోకి దిగే పందెపు పుంజును సాకేవాడి కంటే నిశితంగా ఒక పక్షిని చూసేవాడు ఈ దేశంలో అరుదు. కాకి, డేగ, నెమలి అంటూ ఈక రంగును బట్టి జాతులు విడదీసి, ఏ రోజున ఏ రంగుకు గెలుపో కుక్కుటశాస్త్రంలో వెతికి, బాదం పప్పు, ఉడికించిన గుడ్డు, మటన్ కీమా తినిపించి, ఈత కొట్టించి, వేడినీళ్ళ కాపడం పెట్టి, కంటిలో మెరుపు ఏమాత్రం తగ్గినా, కాలు మోపడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పసిగట్టగలిగిన ఆ మనిషే, చివరకు దాని కాలికి కత్తి కట్టి వదులుతాడు. అక్కడ అనుమాన ప్రమాణానికి ఏ లోపమూ లేదు, హేతువు శుద్ధంగానే ఉంది. అయితే పుంజు నొప్పి అతడికి పందెం లెక్కలో ఒక అంకెగా మాత్రమే అందుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పందెం నేరమని 2016లో ఉమ్మడి హైకోర్టు గట్టిగా చెప్పినా ఆచారం ఆగలేదన్నది అందరికీ తెలిసిన విషయమే. పాల వ్యాపారంలో ఇదే సంగతి కొంత మృదువుగా కనిపిస్తుంది. గేదెలో పైకి తెలియని ఎదను, రైతులు మూగ ఎద అనేదాన్ని, పట్టుకోవడానికి రాత్రి లేచి లాంతరుతో పాకలోకి వెళ్ళిన తరాలు ఉన్నాయి, ఎందుకంటే ఆ ఎద తప్పితే ఈత ఆలస్యమై నష్టం. లాభం ఉన్న చోట చూపు ఎంత సూక్ష్మంగా పనిచేయగలదో తెలిసిన తరువాత, లాభం లేని చోట గమనించలేకపోయామన్న సాకు బలహీనమవుతుంది.

దీనికి ఎదురుగా, చూపు లేని దయ కూడా ఉన్నది, అది కూడా పండుగ రోజునే బయటపడుతుంది. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పసుపు కుంకుమలు పెట్టి, పొంగలి, అన్నం, అరటిపండ్లు తృప్తిగా తినిపించే గృహిణి భక్తిలో కల్తీ లేదు. కానీ గడ్డిని జీర్ణం చేసుకోవడానికి ఏర్పడిన పొట్టలోకి ఒక్కసారిగా ఎక్కువ అన్నం చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, పొట్ట పులుస్తుంది, నెమరు ఆగిపోతుంది, ముదిరితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పూజ అందుకున్న పశువు సాయంత్రానికి తల వాల్చి ఒక మూలన నిలబడితే దానికి దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోయడం, గేదె కంటి నుంచి నీరు కారితే ఏడుస్తోందని జాలిపడడం ఒకే రకమైన పొరపాట్లు; కంటినీరు సాధారణంగా దుమ్ము వల్లనో, కంటిలోని పురుగు వల్లనో, జ్వరం వల్లనో వస్తుంది. మనిషి దుఃఖానికి ప్రతిరూపంగా కనబడే గుర్తుకు అర్హత లేకపోయినా గౌరవం దక్కుతుంది, పాకలో పొడిబారిన ముట్టెకు మాత్రం దక్కదు. దీనికి సాహిత్యం కూడా కొంత కారణమనవచ్చు. అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదంలో ఆవు తన బాధను చక్కని తెలుగులో పులికి విన్నవించుకుంటుంది. అటువంటి కథల మీద పెరిగిన మనసు, నొప్పి ఉంటే పశువు ఏదో ఒక విధంగా చెప్పకపోతుందా అని తెలియకుండానే ఎదురుచూస్తుంది.

మహాభారతం అరణ్యపర్వంలోని సురభి కథ మాత్రం ఈ అలవాటుకు మినహాయింపు, అందులో బాధపడుతున్న పశువు ఒక్క మాటా మాట్లాడదు. గోమాత సురభి కన్నీరు పెడుతుంటే ఇంద్రుడు కారణం అడుగుతాడు. భూమి మీద ఒక రైతు నాగలికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి బలమైనది, మరొకటి బక్కచిక్కినది, ఆ రెండవది కాడి మోయలేక కూలబడుతుంటే ములుకర్రతో పొడుస్తున్నాడని ఆమె చూపిస్తుంది. వేల కొడుకులున్న నీకు ఈ ఒక్కదాని మీద ఇంత బాధ ఎందుకని ఇంద్రుడు అడిగితే, అందరూ సమానమే కానీ దీనుడి మీద జాలి ఎక్కువని ఆమె బదులిస్తుంది. కథలో సాధారణంగా ఈ జవాబునే మెచ్చుకుంటారు. అయితే వెయ్యి కళ్ళవాడని పేరుపడిన దేవరాజుకు ఆ పొలం కూడా కనిపించేదే అన్న సంగతి కూడా గమనించాలి. కాడి కింద రెండు పశువులు ఒకే బరువు మోస్తున్నట్లు కనిపించినా, వాటిలో ఒకటి తన శక్తికి మించి మోస్తోందన్నది పక్కనున్నదానితో పోల్చి చూసినవారికే తెలుస్తుంది. ఇంద్రుడు వాన కురిపించి దున్నకం ఆపించాడు. ఆయన చర్యకు ముందు ఒక అనుమానం అవసరమైంది, ఆ అనుమానం చేసినది సురభి.

పశువు పడే బాధ దాని పూర్వకర్మ ఫలమనీ, తిర్యగ్జన్మ భోగయోని, అంటే కొత్త కర్మ చేయక పాతదాన్ని అనుభవించడానికే ఉన్న జన్మ అనీ, అందులో జోక్యం చేసుకోనక్కరలేదనీ కొందరంటారు. దీనికి ఎక్కువ చర్చ అనవసరం. ఆ లెక్కన మనిషి జ్వరానికి కూడా మందు వేయకూడదు, అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పిన శాసనాన్ని కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద చెక్కించనూ కూడదు. కర్మ సిద్ధాంతం బాధకు కారణం చెబుతుంది, చూసేవాడి కర్తవ్యాన్ని రద్దు చేయదు.

మిగిలినది సంశయం తేలనప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్న. గుర్తులు అనైకాంతికమైనప్పుడు పశువైద్యులు వాడే ఒక ఉపాయం తార్కికుల అన్వయవ్యతిరేక పరీక్షకు చాలా దగ్గరగా ఉంటుంది. ఒకటి ఉంటే రెండవది ఉండడం అన్వయం, మొదటిది లేకపోతే రెండవదీ లేకపోవడం వ్యతిరేకం. మెట్లెక్కడం మానేసిన ముసలి కుక్కకు కొన్నాళ్ళపాటు వైద్యుడు నిర్ణయించిన నొప్పి మందు ఇచ్చి చూస్తారు. అది తిరిగి మెట్లెక్కితే, మందు ఆపగానే మళ్ళీ మానేస్తే, మానడానికి కారణం వయసు కాదు నొప్పేనని తేలుతుంది. ఎక్కకపోతే మాత్రం నొప్పి లేదని తేలదు, ఆ మందు ఆ నొప్పికి చాలలేదని కూడా కావచ్చు. ఇంట్లో ఉన్న మాత్రతో ఈ పరీక్ష చేయకూడదు, మనుషులకు వాడే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఊళ్ళలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటు ఉంది.

నొప్పి తీర్చడం కూడా అన్నివేళలా నిర్దోషం కాదు. పశువుల నొప్పికి, వాపుకు విరివిగా వాడిన డైక్లోఫెనాక్, ఆ పశువు చనిపోయాక కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడు చేసిందని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చారు, 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది, 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఆవు పట్ల కరుణతో వేసిన సూది ఆకాశంలోని పక్షికి మృత్యువు కావడాన్ని ఏ ధర్మశాస్త్రమూ ముందుగా ఊహించలేదు. రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలిన మెలాక్సికామ్ ఇప్పుడు పశువుల ఆసుపత్రుల్లో దొరుకుతుంది. దాన్ని అడిగి వేయించుకోవడానికి రైతుకు మొదట తన ఆవు మోచేతులు ఎడంగా పెట్టి నిలబడిన సంగతి కనిపించి ఉండాలి.